నోటి మాట – నోట్ల మాట

(2025 డిసెంబరు 17, పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా నందిగామలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ రోజున మనం 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పును తలచుకుంటాం. పింఛను ఒకరి దయ కాదు, చేసిన సేవకు దక్కిన హక్కు అని ఆ తీర్పు వల్ల మనకు ధైర్యం వచ్చింది. డి.ఏ. గురించి, పే రివిజన్ గురించి నాకన్న బాగా చెప్పగలవారు ఈ వేదిక మీద ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం ఇంకో సంగతి చెప్పమన్నారు. "మన వాళ్ళ పిల్లలు చాలామంది చిన్న చిన్న దుకాణాలు పెట్టుకుంటున్నారు. ఫోనులో ప్రచారమంటూ పెద్దవాళ్ళ డబ్బు పెడుతున్నారు. మీరొకసారి దెబ్బ తిని తేరుకున్నారు కదా, ఆ వివరం చెప్పండి" అన్నారు. కాబట్టి ఇది విద్వాంసుడి ఉపన్యాసం కాదు. ఒక పాత గుమాస్తా తన తప్పును తాను చెప్పుకోవడం.

నేను 1973లో ఈ నందిగామ తాలూకా ఆఫీసులోనే ఎల్.డి.సి.గా చేరాను. 1985లో మండలాలు వచ్చాక జగ్గయ్యపేటకు మారాను. 2009లో అక్కడే మండల రెవెన్యూ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేశాను. ముప్పై ఆరేళ్ళ ఉద్యోగంలో వోచరు లేని బిల్లు ఒక్కటి కూడా పై అధికారి బల్ల మీద పెట్టలేదు. ఈ మాట గొప్ప కోసం చెప్పడం లేదు. తరువాత నేను చేసిన పని చూసి మీరు నవ్వుకోవడానికి చెబుతున్నాను.

మా రెండో అబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగం కరోనా కాలంలో పోయింది. 2021లో భార్యాబిడ్డలతో జగ్గయ్యపేట వచ్చేశాడు. మా కోడలికి కుట్టుపని, మగ్గం పని బాగా వచ్చు. 2022 దసరాకు చిన్న దుకాణం పెట్టారు. విజయవాడ వస్త్రలత నుంచి చీరలు తెచ్చి అమ్మడం, జాకెట్లు కుట్టడం, పెళ్ళి జాకెట్లకు మగ్గం పని చేయించడం. పని మంచిదే. కాని మొదటి మూడు నెలలు అద్దె కూడా రాలేదు.

అప్పుడు ఒక పట్నం ఏజెన్సీ కుర్రాడు వచ్చాడు. చక్కటి ఇస్త్రీ చొక్కా, చేతిలో ల్యాప్‌టాప్. "ఇప్పుడు అంతా ఫోనులోనే సార్. మూడు నెలల్లో మీ పేజీకి పదివేల మంది ఫాలోవర్లను తెస్తాం. నెలకు ఇరవై వేలు" అన్నాడు. పదివేల మంది అనగానే నాకు పెనుగంచిప్రోలు తిరునాళ్ళ గుర్తుకు వచ్చింది. అందులో నూటికి ఒక్కరు లోపలికి వచ్చినా చాలనుకున్నాను. మా ఆవిడ మోకాళ్ళ ఆపరేషన్ కోసం దాచిన ఫిక్సెడ్ డిపాజిట్ విరగ్గొట్టి, మూడు నెలలకూ కలిపి 60,000 రూపాయలు ఒక్కసారే ఇచ్చాను. ఏమి చేస్తారు, ఎవరికి చూపిస్తారు, లెక్క ఎప్పుడు ఇస్తారు అని ఒక్క ప్రశ్న అడగలేదు. రసీదు కూడా అడిగి తీసుకోలేదు.

2023 మార్చి నాటికి ఆ కుర్రాడు చెప్పింది చెప్పినట్టు చేశాడు. పదివేల మంది వచ్చారు. కాని వాళ్ళు ఎవరో, ఎక్కడివాళ్ళో! ఎక్కడెక్కడి పేర్లో కనిపించేవి. శ్రీకాకుళం నుంచి ఒకావిడ ఫోన్ చేసి జాకెట్టు కొరియర్‌లో పంపుతారా అని అడిగింది. ఆది జాకెట్టు ఇవ్వకుండా కొలత ఎలా తెలుస్తుందమ్మా? ఒకరోజు రాత్రి మా కోడలు దుకాణం మూసి వచ్చి, "మావయ్యగారూ, పదివేల మంది చూస్తున్నారంటున్నారు. పది జాకెట్లు కుట్టించుకోవడానికి కూడా రాలేదు. ఇంక మూసేద్దామండీ" అంది. మా ఆవిడ ఏమీ అనలేదు. గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ పైకి వెళ్ళింది. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆ ఏజెన్సీతో ఇక చాలని చెప్పేసరికి ఇంకొక చిక్కు బయటపడింది. ఆ పేజీ వాళ్ళ మెయిలు అకౌంటుతో తెరిచారు. తాళం వాళ్ళ దగ్గరే ఉంది. రెవెన్యూలో పనిచేసినవాడిని, పొలం చూడబోతే ముందు పట్టా ఎవరి పేరున ఉందో చూడమని పదిమందికి చెప్పినవాడిని, నా కోడలి దుకాణం పేరు మీది పేజీ ఎవరి పేరున ఉందో చూడలేదు. ఆ పేజీ మళ్ళీ మా చేతికి రాలేదు. మా కోడలు తన పేరున కొత్తది తెరుచుకుని ఒకటి నుంచి మొదలుపెట్టింది.

ఇక్కడ రెండు మాటలు విడమరచి చెప్పాలి. ఫోనులో ప్రచారం రెండు రకాలు. పైసా కట్టకుండా మనం పెట్టిన ఫోటోను, మాటను మనవాళ్ళు చూసి ఇంకొకరికి చెప్పడం ఒకటి. పిల్లలు దీనిని ఆర్గానిక్ అంటారు. మొదటిసారి విన్నప్పుడు పశువుల ఎరువు వేసి పండించిన కూరగాయల సంగతేమో అనుకున్నాను. ఇంట్లో అందరూ నవ్వారు. రెండవది డబ్బు కట్టి కంపెనీ చేత తెలియనివాళ్ళకు చూపించడం. ఇది పెయిడ్. నేను మొదటి దానిని నోటి మాట అని, రెండవ దానిని నోట్ల మాట అని పేరు పెట్టుకున్నాను.

ఆలోచిస్తే నా ఎరువు పోలిక అంత తప్పు కాదనిపించింది. మనది మెట్ట ప్రాంతం. పత్తి, మిరప వేసేవాళ్ళందరికీ తెలుసు. పదును ఉన్న నేలలో యూరియా వేస్తే నాలుగు రోజుల్లో చేను పచ్చబడుతుంది. ఎండిన నేలలో చల్లితే డబ్బు గాలికి పోతుంది. ఊళ్ళో నోటి మాట అనేది పదును. నోట్ల మాట యూరియా. నేను పదును లేని చేలో మూడు నెలల యూరియా ఒకేసారి చల్లాను.

ఇది కొత్త సంగతేమీ కాదు. మన కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించారు. మొదట్లో సంగీత సభలకు వెళ్ళి అక్కడివారికి ఆ మందు ఉచితంగా పంచేవారట. తలనొప్పి తగ్గినవాడు ఇంటికి వెళ్ళి చెప్పకుండా ఉండడు కదా! అది నోటి మాట. తరువాత 1908లో ఆయనే ఆంధ్రపత్రిక పెట్టారు. అమృతాంజనం ప్రకటనలు తెలుగువారి కంటబడుతూనే ఉండేవి. అది నోట్ల మాట. మందు వాడి చూసినవాళ్ళు అప్పటికే ఊరూరా ఉన్నారు కాబట్టి ప్రకటన చూసినవాడికి నమ్మకం కుదిరింది.

మన కాలంలోనూ అంతే. చాటింపు, గోడ మీద రాతలు, రిక్షాలో మైకు, సినిమా హాల్లో ఇంటర్వెల్‌కు ముందు వేసే స్లైడు, ఇవన్నీ మనం చూసినవే. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలయ్యాక, రాష్ట్రమంతటికీ డబ్బు కట్టలేని చిన్న ఊరి దుకాణదారు కూడా తన జిల్లా వరకు ప్రకటన ఇచ్చుకోగలిగాడు. ఎవరికి చూపించాలో వారికే చూపించడం అన్న సూత్రం అప్పుడే ఉంది. ఫోను ఆ సూత్రాన్ని జిల్లా నుంచి వీధి దాకా తెచ్చింది.

అయితే ఫోనులో ఒక మెలిక ఉంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సప్ మూడూ ఇప్పుడు ఒకే కంపెనీవి. ఇన్‌స్టాగ్రామ్‌ను 2012లో, వాట్సప్‌ను 2014లో ఫేస్‌బుక్ వారు కొన్నారు. కంపెనీ పేరు ఇప్పుడు మెటా. మన పేజీకి వెయ్యిమంది ఉన్నారంటే, పెట్టిన ఫోటో ఆ వెయ్యిమందికీ కనబడుతుందనుకుంటాం. అలా కాదు. కొద్దిమందికే చూపిస్తారు. వాళ్ళు ఆగి చూస్తే, అడిగితే, ఇంకొకరికి పంపితే మరికొందరికి చూపిస్తారు. పైగా వ్యాపార పేజీలకన్నా బంధుమిత్రుల కబుర్లే ముందు చూపిస్తామని 2018 జనవరిలో ఫేస్‌బుక్ ప్రకటించింది. కాబట్టి ఉచితం మీదే కూర్చుంటే తెలిసినవాళ్ళ దగ్గరే ఆగిపోతాం. మాకు అంటగట్టిన పదివేల మంది మా దుకాణంతో పని లేనివాళ్ళు. వాళ్ళు చూడరు, అడగరు. దాంతో మా ఫోటోలు ఎవరికీ నచ్చడం లేదని ఆ యంత్రం లెక్క వేసి, చూడవలసినవాళ్ళకు కూడా చూపించడం తగ్గించింది. డబ్బు ఇచ్చి మరీ మా నోరు మేమే కట్టేసుకున్నామన్నమాట.

సరే, దుకాణం మూయడానికి ముందు ఒక్క అవకాశం ఇమ్మని మా కోడలిని అడిగాను. 2023 ఉగాది నాడు ఒక ఫుల్‌స్కేప్ రిజిస్టరు కొని గీతలు గీశాను. క్రమ సంఖ్య, తేదీ, వచ్చినవారి ఊరు, ఏమి కొన్నారు లేక కుట్టించారు, రొక్కం, చివరికి "మా సంగతి ఎలా తెలిసింది?" ఈ ఆఖరి గడిలో నాలుగు చిన్న గడులు: ఎవరో చెప్పారు, వాట్సప్ స్టేటస్ లేక మా పేజీ చూశారు, ప్రకటన చూశారు, దారిన పోతూ చూశారు. బిల్లు రాసేటప్పుడు ఆ ఒక్క ప్రశ్న అడగాలి. రోజూ సాయంత్రం నేను సరిచూసి సంతకం పెడతాను. మా అబ్బాయి మొదట విసుక్కున్నాడు. "నాన్నా, ఇది తహసీల్దారు ఆఫీసు కాదు" అన్నాడు. ఆఫీసు కాదు కాబట్టే లెక్క ఇంకా గట్టిగా ఉండాలన్నాను. అక్కడ పోతే సర్కారు డబ్బు, ఇక్కడ పోయింది మీ అమ్మ మోకాళ్ళు.

మొదటి నాలుగు నెలలు ఒక్క పైసా ప్రకటనకు ఇవ్వలేదు. మా కోడలు రోజూ తను చేసిన పని ఫోటో ఒకటి పెట్టేది. దారం ఎలా లాగుతారో, పూస ఎలా కుడతారో అర నిమిషం వీడియో తీసేది. వాట్సప్‌లో వ్యాపారులకు వేరే యాప్ ఉంది, 2018లో వచ్చింది. అందులో ధరల పట్టీ పెట్టింది. ఎవరు అడిగినా గంటలోపు జవాబు చెప్పేది. గూగుల్ మ్యాపులో దుకాణం నమోదు చేయించాడు మా అబ్బాయి. దానికీ డబ్బు లేదు. నిజమైన ఖాతాదారులను మాత్రమే నాలుగు మాటలు రాయమని అడిగాడు. మెల్లగా రిజిస్టరులో "మా పిన్ని చెప్పింది", "మా తోడికోడలు కుట్టించుకుంది" అని పేర్లు పెరిగాయి. పదును వచ్చింది.

ఆ ఏడు అధిక శ్రావణం. ఆగస్టు 17న నిజ శ్రావణం వచ్చింది. అప్పుడు ప్రకటన ఇద్దామన్నాడు మా అబ్బాయి. ఈసారి నేను నోట్ ఫైలు పెట్టించాను. ఏ ఫోటోకు? ఏ ఊళ్ళకు? ఎన్ని రోజులు? ఎంత?

ఏ ఫోటోకు అంటే, అప్పటికే ఉచితంగా పెట్టిన వాటిలో ఎక్కువమంది ధర అడిగినదానికి. లైకులు లెక్కపెట్టలేదు. "ఎంత?", "ఎన్ని రోజుల్లో ఇస్తారు?" అన్న ప్రశ్నలు లెక్కపెట్టాం. లైకు పలకరింపు వంటిది. ధర అడిగితేనే బేరం. ఇంకొక లాభం ఉంది. తెర మీద ప్రకటన చోటుకు ప్రతిసారీ వేలం జరుగుతుంది. ఆ వేలంలో మన డబ్బే కాదు, ఆ ప్రకటన జనానికి ఎంత పనికివస్తుందన్న అంచనా కూడా చూస్తారు. అందువల్ల ఇప్పటికే నలుగురికి నచ్చినది తక్కువ డబ్బుతో ఎక్కువమందికి చేరే అవకాశం ఉంది.

ఏ ఊళ్ళకు అంటే, జగ్గయ్యపేట చుట్టూ ముప్పై కిలోమీటర్ల గుండ్రం గీశాడు మా అబ్బాయి. అటు నందిగామ, పెనుగంచిప్రోలు, వత్సవాయి, ఇటు కోదాడ వచ్చాయి. బాగుందన్నాడు. నేను మ్యాపు చూసి, "కృష్ణ అవతలి ఒడ్డు కూడా వచ్చింది చూడు. మ్యాపులో దగ్గరే. ఆది జాకెట్టు పట్టుకుని ఏరు దాటి ఎవరొస్తారు?" అన్నాను. అవతలి ఒడ్డును మినహాయించాడు. జమాబందీ లెక్కలు చూసిన కళ్ళు ఆ ఒక్కచోట పనికొచ్చాయి.

రోజుకు 300 చొప్పున 15 రోజులు, 4,500 రూపాయలు. దాని మీద 18 శాతం జి.ఎస్.టి. 810. మొత్తం 5,310. ప్రకటన నొక్కితే నేరుగా మా కోడలి వాట్సప్ తెరుచుకునేలా పెట్టారు.

ఆ శ్రావణంలో రిజిస్టరు ప్రకారం 112 మంది వచ్చారు. ప్రకటన గడిలో 19 మంది. 5,310ని 19తో భాగిస్తే ఒక్కొక్కరికి 279 రూపాయల చిల్లర. ఫరవాలేదనుకున్నాను. అప్పుడు మా కోడలు ఒక మాట అంది. "మావయ్యగారూ, వీళ్ళలో చాలామంది రెండు చెప్పారండీ. ఫోన్లో చూశాం, మా వదినను అడిగితే బాగానే కుడతారంది అన్నారు. మీరు ఒక్క గడిలోనే టిక్కు పెట్టమన్నారని ప్రకటనలో పెట్టాను." మళ్ళీ వాళ్ళను అడిగి రెండు టిక్కులు పెట్టించాం. 19 మందిలో 13 మంది ప్రకటన చూశాక ఎవరినో అడిగి వచ్చినవాళ్ళు. కేవలం ప్రకటన చూసి వచ్చినవాళ్ళు ఆరుగురు. ఊళ్ళో మంచి మాట లేకపోతే ఆ 5,310కి వచ్చేది ఆరుగురే. అంటే మనిషికి 885 రూపాయలు. జాకెట్టు కుట్టుకూలి కన్నా ఎక్కువ!

ఇది చూసి ప్రకటన దండగ అనుకోకండి. ఆ ఆరుగురి ఊరి గడి చూశాను. నలుగురు బదిలీ మీద కొత్తగా వచ్చిన కుటుంబాలవాళ్ళు. బ్యాంకు ఉద్యోగులు, సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగులు. వాళ్ళకు ఊళ్ళో పిన్ని లేదు, వదిన లేదు. అడగడానికి ఎవరూ లేనివాళ్ళ దగ్గరకు నోటి మాట వెళ్ళదు. బదిలీల మీద కొత్త ఊరు వెళ్ళి పాలవాడి కోసం వెతుక్కున్న రోజులు మనందరికీ గుర్తే. వాళ్ళను చేరడానికి నోట్ల మాట కావాలి. ఆ 19 మందిలో 11 మంది సంక్రాంతిలోపు రెండోసారి వచ్చారు. వాళ్ళ పేర్లు చెప్పుకుని ఇంకొక తొమ్మిది మంది వచ్చారు. ఆ తొమ్మిది మందీ రిజిస్టరులో "ఎవరో చెప్పారు" గడిలో ఉన్నారు. అంటే ఈ సీజనులో ఖర్చు కింద రాసినది వచ్చే సీజనులో నోటి మాటగా జమ అవుతుంది, మొదటిసారి చేసిన పని బాగుంటేనే. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగిలినవన్నీ దీనికి అనుబంధాలు.

మేము చేసిన ఇంకొక తప్పు కూడా దాచను. 2024 మాఘమాసంలో ఒక పెళ్ళికూతురు మా దగ్గర జాకెట్టు కుట్టించుకుంది. వీపు మీద నెమలి పని. ఆ అమ్మాయిని అడిగే ఫోటో పేజీలో పెట్టాం. బాగా నచ్చింది. నచ్చింది కదా అని దానికే డబ్బు కట్టి ప్రకటన చేశాం. రెండోరోజు ఆ అమ్మాయి తండ్రి, నాకు పాత స్నేహితుడే, ఫోన్ చేశాడు. "మా పిల్ల ఫోటో కోదాడ బస్టాండులో ఎవడో ముక్కూమొహం తెలియనివాడు చూస్తున్నాడటయ్యా. నీ ఇంట్లో ఆడపిల్లయితే ఇలాగే చేస్తావా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పది నిమిషాల్లో తీయించాను. సాయంత్రం ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాను. తెలిసినవాళ్ళ మధ్య పెట్టడానికి ఇచ్చిన అనుమతి వేరు, తెలియనివాళ్ళకు డబ్బు కట్టి చూపించడానికి కావలసిన అనుమతి వేరు. ఇప్పుడు రిజిస్టరులో రెండింటికీ వేర్వేరు సంతకాలు. ప్రకటనకైతే బొమ్మకు తొడిగిన జాకెట్టే.

2024 సెప్టెంబరు 1 మీకందరికీ గుర్తుండే ఉంటుంది. మున్నేరు పొంగి ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికి నీళ్ళు వచ్చాయి. అంతకుముందు ఏడు జులైలోనూ అంతే. వినాయక చవితికి మాకు విజయవాడ నుంచి రావలసిన సరుకు ఆగిపోయింది. ప్రకటన మాత్రం ఫోనులో నడుస్తూనే ఉంది, "చవితికి కొత్త చీరలు" అంటూ. ఊళ్ళో జనం ఇళ్ళలోని నీళ్ళు తోడుకుంటుంటే మనం చీరలు కొనమంటున్నాం! వెంటనే ఆపించాను. మా కోడలు వాట్సప్‌లో ఒక్కొక్కరికీ రాసింది: మీ జాకెట్టు భద్రంగా ఉంది, దారి తెరిచాక ఫలానా రోజు ఇస్తాం, అడ్వాన్సు కావాలంటే వెనక్కు ఇస్తాం అని. ఒక్కరు కూడా అడ్వాన్సు అడగలేదు. డబ్బు కట్టిన మాటను ఎప్పుడు ఆపాలో తెలియడం కూడా వ్యాపారమే.

జవాబు చెప్పే తీరు ఎంత ముఖ్యమో 2025 ఏప్రిల్‌లో చూశాం. ఒక రాజమండ్రి పచ్చళ్ళ వ్యాపారం ఫోను ద్వారా మంచి పేరు తెచ్చుకుంది. ధర ఎక్కువన్న ఒక కొనుగోలుదారుకు తిట్లతో పంపిన వాయిస్ మెసేజి ఊరూవాడా తిరిగింది. ఏళ్ళ తరబడి పెరిగిన పేరు రోజుల్లో పోయింది. అలాగే 2024 జనవరిలో హైదరాబాదు మాదాపూర్ ప్రాంతంలో కుమారి ఆంటీ భోజనం బండి సంగతి. ఎవరెవరో తీసిన వీడియోలతో జనం విరగబడ్డారు, ట్రాఫిక్ ఆగిందని పోలీసులు బండి తీయమన్నారు, చివరికి ముఖ్యమంత్రి కల్పించుకోవలసి వచ్చింది. నోటి మాట ఉచితమే, కాని దాని పగ్గం మన చేతిలో ఉండదు. అది వచ్చిన రోజుకు వండటానికి బియ్యం, నిలబడటానికి చోటు ఉండాలి.

ఇక మన పెద్దవాళ్ళకు నాలుగు మనవులు.

ఒకటి, పిల్లల వ్యాపార ప్రచారానికి డబ్బు ఇచ్చేటప్పుడు పేజీ, దాని పాస్‌వర్డు, ఫోన్ నంబరు పిల్లల పేరునే ఉన్నాయో లేదో చూడండి. ఏజెన్సీ వారికి పని చేసే అనుమతి ఇవ్వవచ్చు, పట్టా ఇవ్వకూడదు. ఓ.టి.పి. ఎవరికీ చెప్పకూడదు. మోసమని తెలిస్తే 1930కి వెంటనే ఫోన్ చేయండి.

రెండు, ఫాలోవర్లను లెక్క కట్టి అమ్ముతామన్నవారిని గుమ్మంలోంచే పంపించండి. మా పని నిజంగా నడుస్తోందా అని తెలుసుకోవడానికి మెటావారి యాడ్ లైబ్రరీ అని ఒకటి ఉంది. అందులో దుకాణం పేరు కొడితే అప్పుడు నడుస్తున్న ప్రకటనలు ఎవరికైనా కనబడతాయి. అదే మీ వోచరు. నాకు ఆలస్యంగా తెలిసింది.

మూడు, ప్రకటనలో లేనిది ఉందని చెప్పనివ్వకండి. పట్టు కాని చీరను పట్టు అంటే అది ఫోనులో అయినా అబద్ధమే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదారి పట్టించే ప్రకటనలకు శిక్ష పెట్టింది.

నాలుగు, మనకు తీరిక ఉంది, లెక్క రాసే అలవాటు ఉంది. పిల్లలకు లేనివి ఆ రెండే. ఆ రిజిస్టరు మీరు పట్టుకోండి. మా ఇంట్లో ఒక జి.ఓ. జారీ చేశాను: నెల రాబడిలో నూటికి మూడు రూపాయలకు మించి ప్రకటనకు పోకూడదు. అదీ శ్రావణం, దసరా, మాఘం సీజనులోనే. మిగతా రోజుల్లో పని, ఫోటో, జవాబు. అంతే.

ఇంతకూ దుకాణం సంగతి. కోటీశ్వరులం కాలేదు. అద్దె, ఇద్దరు పనివాళ్ళ జీతాలు, ఇంటి ఖర్చు పోను కొంత మిగులుతోంది. మా కోడలు మిగిలిన దానిలోంచి నెలనెలా కొంత తీసి నేను విరగ్గొట్టిన డిపాజిట్ మళ్ళీ కట్టించింది. నేను అడగలేదు. ఈ వేసవిలో మా ఆవిడకు ఒక మోకాలుకు ఆపరేషన్ అయింది. రెండోది వచ్చే శ్రావణం దాటాక అన్నారు. ఈవేళ నాతోపాటు బస్సెక్కి ఈ సభకు వచ్చింది, మూడో వరుసలో కూర్చుంది. మెట్లు గోడ పట్టుకోకుండానే ఎక్కింది.

చివరికి ఒక్క మాట. మీలో ఎవరైనా జాకెట్టు కుట్టించుకోవడానికి జగ్గయ్యపేట వస్తే, మా కోడలు తప్పకుండా అడుగుతుంది, "మా సంగతి ఎలా తెలిసిందండీ?" అని. దయచేసి నిజమే చెప్పండి. సాయంత్రం సంతకం పెట్టవలసినవాణ్ణి నేను.